ఎరుపు కింద బూడిద

కోరుట్లలో జాతీయ రహదారి పక్కన ఒక రేకుల షెడ్డు. కంప్రెసర్ చప్పుడు, థిన్నర్ వాసన, నీళ్లు చల్లి అణచిన నేల. ఆ షెడ్డు ఉస్తాద్ పదకొండేళ్లు షార్జాలో బాడీషాపులో పనిచేసి ఇంటికొచ్చిన మనిషి. నేను వెళ్లిన రోజు ఆయన ముందు ఒక ఎర్ర కారు ఎడమ ఫెండర్ స్టాండు మీద వేలాడుతోంది. సొట్ట తీశారు, పుట్టీ పెట్టి వాటర్ పేపరుతో నున్నగా రుద్దారు. ఇక రంగు కొట్టడమే తరువాయి అనుకున్నాను. ఉస్తాద్ స్ప్రే గన్ను మాత్రం ఫెండర్ వైపు పోలేదు. ఒక పాత రేకు ముక్క తీశాడు. దాని మీద అప్పటికే మూడు పట్టీలుగా ప్రైమర్ కొట్టి ఆరబెట్టి ఉంది. ఒక పట్టీ తెలుపు, ఒకటి మధ్యరకం బూడిద, ఒకటి దాదాపు నలుపు. గన్నులో ఎరుపు పోసుకుని, ఎడమ నుంచి కుడికి ఒకే ఊపులో మూడింటినీ దాటించాడు.

ఒకే డబ్బాలోని రంగు, ఒకే గన్ను, ఒకే చేయి. రేకు మీద మాత్రం మూడు ఎరుపులు. తెలుపు మీద పడ్డది నారింజ వైపు మొగ్గి, పండిన టమాటా తోలులా తేలికగా మెరిసింది. నలుపు మీద పడ్డది ఎండుమిరపకాయలా మాగిపోయింది. నడుమ బూడిద మీద పడ్డది ఆ కారు ఎరుపు. రెండో కోటింగు, మూడో కోటింగు పడేకొద్దీ మూడూ ఒకదానికొకటి దగ్గరయ్యాయి కానీ పూర్తిగా కలవలేదు.

"ఎరుపు తనంత తాను నిలవదు సార్. కింద దేని మీద కూసుంటదో దాని గుణం తీసుకుంటది" అన్నాడు ఉస్తాద్.

ఎర్ర కార్ల మీద నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. తెల్ల కార్ల వరుసలో ఒక్క ఎర్ర కారుంటే చూపు అక్కడే ఆగుతుంది. ఎందుకని అడిగితే మొన్నటి దాకా నా దగ్గర జవాబు లేదు. ఆ రేకు ముక్క చూశాక దొరికింది. మంచి ఎరుపును మనం పైన చూడం, లోపలికి చూస్తాం.

దీనికి కారణం రంగుపొడి స్వభావంలో ఉంది. ఏ పెయింటుకైనా మొదటి పని కింది రేకును కప్పేయడం. పెయింటర్లు దీన్నే 'కవరింగ్' అంటారు. తెలుపుకు ఆ కష్టం లేదు. అందులో ఉండే టైటానియం డయాక్సైడ్ వెలుతురును ఎక్కడికక్కడ వెనక్కి కొట్టేస్తుంది. లేత నీలం, లేత పసుపు, గోధుమ రంగుల్లో కూడా ఆ తెల్లపొడి కొంచెం కలిపి కప్పే బలం తెచ్చుకోవచ్చు. ఎరుపులో కలిపితే గులాబీ అయిపోతుంది. ఆ ఒక్క దారీ మూసుకుపోవడంతో, నిండు ఎరుపు కావాలనుకున్నవాడికి ఇప్పుడు చాలావరకు పారదర్శకంగా ఉండే సేంద్రియ రంగుపొడులే గతి. వాటిలోంచి వెలుతురు లోపలికి పోతుంది, కింది పొరను తాకుతుంది, మళ్లీ ఎరుపులోంచే బయటికి వస్తుంది. రెండుసార్లు వడపోత. కింద తెలుపుంటే ఎక్కువ వెలుతురు తిరిగొస్తుంది, నలుపుంటే అక్కడే ఆగిపోతుంది. ఈ రెంటి మధ్య ఎంత వెలుతురును వెనక్కి పంపాలో లెక్కగట్టి కొట్టేదే బూడిద ప్రైమర్. కొన్ని ఎరుపులకు లేత బూడిద, కొన్నింటికి ముదురు బూడిద. పేరున్న పెయింటు కంపెనీలు చాలావరకు ఏ రంగు కింద ఏ బూడిద వేయాలో చెప్పే పట్టికలు ఇస్తాయి. ఉస్తాద్ దగ్గర పట్టికా ఉంది, అయినా రేకు ముక్క మీద కొట్టి చూడనిదే బండి మీదికి పోడు.

కొత్త కారు మీది రంగు మందం మొత్తం 100 నుంచి 130 మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే రెండు వెంట్రుకల మందంలోపే తుప్పును ఆపే పొర, ప్రైమర్, రంగు, పైన గాజులాంటి క్లియర్ కోటు అన్నీ ఇమిడిపోతాయి. ఇందులో అసలు రంగు వాటా 15, 20 మైక్రాన్లే. మనం మురిసిపోయే ఎరుపంతా వెంట్రుకలో మూడో వంతు మందం కూడా ఉండదు. అంత పలచని పొరలో లోతు చూపించడమే ఈ పనిలోని గొప్ప.

కార్ల మీద ఎరుపుకు ఇప్పుడున్న నాణ్యత ఎప్పుడూ లేదు. ఒకప్పుడు సీసం, మాలిబ్డినం కలిసిన లవణాలతో చేసిన ఎరుపు, నారింజ పొడులు వాడేవారు. అవి బాగా కప్పేవి కానీ విషం. 1958లో అమెరికా కంపెనీ డ్యూపాంట్ క్వినాక్రిడోన్ అనే రంగుపొడిని మార్కెట్లోకి తెచ్చింది. ఎండకు తట్టుకునే నీలి ఛాయ ఎరుపులు దానితో వచ్చాయి. ఆ తర్వాతి మలుపు నాకు మరీ ఇష్టం. 1974లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో డొనాల్డ్ ఫార్నమ్ అనే రసాయన శాస్త్రవేత్త వేరే పదార్థం తయారుచేయబోతే, అది రాకుండా అడుగున కొద్దిపాటి ఎర్రపొడి మిగిలింది. ఆయన దాన్ని పారేయకుండా అదేమిటో తేల్చి ప్రచురించాడు. స్విట్జర్లాండ్‌కు చెందిన సీబా-గైగీ కంపెనీ దాన్ని పట్టుకుని, 1980ల్లో కార్ల రంగుగా తీర్చిదిద్దింది. పిగ్మెంట్ రెడ్ 254 అని దానికి లెక్కల పేరు, ఫెరారీ రెడ్ అని వాడుక పేరు. ఇటలీ రేసు కార్లు ఎరుపులో పరుగెత్తడం 20వ శతాబ్దం తొలినాళ్ల ఆనవాయితీ. ఎండకు వెలవని, వానకు కడుక్కుపోని, నిప్పులాంటి నిండు ఎరుపు సామాన్యుడి కారుకు అందింది మాత్రం ఈ పొడి వచ్చాకే.

ఇంతకంటే లోతైన ఎరుపును కోరుట్ల, జగిత్యాల మనుషులు చాలామంది చూశారు. చూసింది ఇక్కడ కాదు, గల్ఫ్‌లో. జపాన్ కంపెనీ మాజ్దా 2012లో సోల్ రెడ్ ప్రీమియం మెటాలిక్ అనే రంగు తెచ్చింది. నాలుగేళ్లకు దాన్ని మించిన సోల్ రెడ్ క్రిస్టల్‌ను ప్రకటించింది. మన దేశంలో మాజ్దా కార్లు అమ్మరు. దుబాయ్, షార్జా రోడ్ల మీద మాత్రం కావలసినన్ని. ఉస్తాద్ మొదటిసారి ఆ రంగును అక్కడే, ఎవరో గుద్దేసిన బంపర్ మీద చూశాడు. "బెల్లం పాకం ఎర్రగా ఉంటే ఎట్లుంటది సార్, అట్ల" అన్నాడు. ఆ పోలిక నేను చదివిన అన్ని వర్ణనల కంటే దగ్గరగా ఉంది.

ఆ పాకం గుణం ఎలా వచ్చిందో విడదీసి చూడాలి. అడుగు పొరలో వెలుతురును తిప్పికొట్టే పలచని అల్యూమినియం రేణువులుంటాయి. వాటితో పాటే వెలుతురును మింగే రేణువులూ ఉంటాయి. దాని మీద అపారదర్శకం కాని ఎర్ర పొర. ఆపైన క్లియర్. ఎండ నేరుగా పడ్డచోట అల్యూమినియం ఎరుపును వెలిగిస్తుంది. బానెట్ మలుపు తిరిగిన పక్క, నీడ వైపు, మింగే రేణువులు పనిచేసి ఎరుపు చిక్కబడుతుంది. ఒకే డోర్ మీద మంటా కనిపిస్తుంది, బొగ్గుల కింది నిప్పూ కనిపిస్తుంది. అల్యూమినియం రేణువులు చిందరవందరగా ఉంటే ఈ తేడా రాదు. రంగు ఆరుతూ కుంచించుకుపోయేటప్పుడు అవన్నీ ఒకే దిక్కుకు, రేకుకు సమంగా వాలిపోవాలి. ఆ వాలడం కోసమే ఆ కంపెనీ పెయింటు ఆరే తీరును లెక్కగట్టింది, చేయి తిరిగిన పనివాళ్ల గన్ను కదలికలను రోబోలకు నేర్పింది. మునుపటి సోల్ రెడ్ కంటే క్రిస్టల్‌లో రంగు నిండుదనం సుమారు 20 శాతం, లోతు సుమారు 50 శాతం పెరిగాయని మాజ్దా చెప్పుకుంది. నాకు ఆ శాతాలతో పని లేదు. లోతును కొలవాలని వాళ్లకు తట్టిందే, అక్కడే వాళ్లకు దండం పెడతాను.

ఫ్యాక్టరీలో ఇది రోబోల పని. దెబ్బ తగిలిన తర్వాత మనిషి పని. పారదర్శక ఎరుపు పొర ఒక్క కోటింగు ఎక్కువైతే ఛాయ ముదురుతుంది, ఒకటి తగ్గితే పలచనవుతుంది. అందుకే షార్జాలో ఉస్తాద్ నేర్చిన మొదటి పాఠం ఒక రేకు పట్టీ తీసుకుని, మెట్లు మెట్లుగా ఒక కోటింగు, రెండు, మూడు, నాలుగు కొట్టి, క్లియర్ వేసి, కారు పక్కన పెట్టి చూడడం. ఏ మెట్టు కారుతో కలిసిందో అన్ని కోటింగులే బండి మీద. షార్జా నుంచి ఆయన తెచ్చుకున్నది ఈ అలవాటే.

ఫెండర్ దగ్గరికి వద్దాం. రేకు ముక్క తేల్చిన బూడిద ప్రైమర్ కొట్టి ఆరబెట్టాక, దాని మీద 800 నంబరు పేపరు, నీళ్లతో. గుడ్డ పెట్టి తుడిచాక, జిగురు పట్టించిన పలచటి గుడ్డతో మరోసారి తుడిచాడు. దుమ్ము రేణువు తెలుపులో దాక్కుంటుంది కానీ ఎరుపులో మొటిమలా లేస్తుంది. ఆ తర్వాత గన్ను. ఫెండర్‌కు జానెడు దూరం. మణికట్టు విల్లులా వంగకూడదు, భుజం నుంచి చేయంతా రేకుతో సమానంగా నడవాలి. ప్రతి వరుసా ముందటి వరుసలో సగం మీద పడాలి. అంచు దాటాకే ట్రిగ్గర్ వదలాలి. ఈ నియమాలు ఏ పెయింటరైనా చెప్తాడు. నేను చూసిందేమిటంటే, ఫెండర్ మీద చక్రం వంపు వచ్చినచోట ఆయన కాళ్లు కూడా కదిలాయి. నడుము వంచలేదు, మోకాళ్లు వంచి దిగాడు. అలా చేస్తే గన్ను దూరం మారదు. ఒక్క అంగుళం మారితే ఆ వంపులో ఎరుపు చీకటిగా నిలబడిపోతుంది. ఒక కోటింగుకూ మరొక దానికీ మధ్య తడి మెరుపు పోయి మసకబారేదాకా ఆగాడు. ఆ పది నిమిషాలూ గన్ను కింద పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా రేకునే చూస్తూ కూర్చున్నాడు.

ఇక్కడ నాకు తెలియని ఒక రహస్యం బయటపడింది. కొత్త ఎరుపు ఎంత కలిసినా, పాత డోర్ పక్కన నిలబెడితే గీత గీసినట్టు తేడా కనిపిస్తుంది. అందుకని ఫెండర్ పూర్తయ్యాక, దెబ్బ తగలని పక్క డోర్ మీదికి కూడా ఎరుపును పొగలా, నీడలా కొంత దూరం పరిచి వదిలేశాడు. క్లియర్ మాత్రం డోర్ అంతటికీ కొట్టాడు. కొత్త రంగు ఎక్కడ ముగిసి పాతది ఎక్కడ మొదలైందో నేను చూపించలేను. బాగున్న డోర్ మీద రంగెందుకు కొట్టారని కొందరు గిరాకీలు తగువు పెట్టుకుంటారట. ఆ తగువు తప్పు. ఫెండర్ దగ్గరే ఆపేసేవాడు పని మిగుల్చుకున్నవాడు.

కింది పొర మీద ఇంత శ్రద్ధ మన ప్రాంతానికి కొత్త కాదు. గోదావరి దాటితే నిర్మల్. అక్కడ తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేసేవారు, ముక్కలను చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. అది మన షెడ్డులో పుట్టీ. దాని మీద తెల్లమట్టి పూత. అది ప్రైమర్. ఆ తర్వాత రంగు. ఆ రంగు పేరు వింటే కార్ల పనివాళ్లు నవ్వుకుంటారు. అది డ్యూకో. 1920ల్లో డ్యూపాంట్, జనరల్ మోటార్స్ కలిసి కార్ల కోసం తెచ్చిన లాకరు పెయింటది. అంతకుముందు కారు రంగు ఆరడానికి వారాలు పట్టేది, డ్యూకోతో గంటల్లోకి వచ్చింది. అలా కార్ల కోసం పుట్టిన రంగు నిర్మల్ బొమ్మల మీద, నిర్మల్ చిత్రాల మీద స్థిరపడింది. ఇప్పుడు మన ఊళ్లలో అల్మారాకు స్ప్రే కొట్టినా 'డ్యూకో పెయింటింగ్' అనే అంటాం. ఇటు సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ పటాలు చూడండి. బట్ట మీద సుద్ద, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి, ఆరబెట్టాకే ఆ నిండు ఎర్ర నేల దిద్దుతారు. చేర్యాల పటం ఎరుపు నాలుగు గజాల దూరం నుంచి పిలవడానికి, దాని కింది పూత కూడా కారణం.

రంగు కలపడంలో నాకు గురువులు సిరిసిల్ల బట్టల దుకాణాల వాళ్లు. ఎర్ర చీరకు జాకెట్టు గుడ్డ తీసుకునే ఏ ఆడమనిషైనా ట్యూబులైటు కింద ఒప్పుకోదు. రెండూ పట్టుకుని గడప బయటికి, ఎండలోకి వస్తుంది. లోపల అచ్చుగుద్దినట్టు కలిసిన రెండు ఎరుపులు ఎండలో విడిపోవడం అక్కడ రోజూ జరిగేదే. వేర్వేరు పొడులతో చేసిన ఎరుపులు ఒక దీపం కింద ఒకటిగా, మరో దీపం కింద రెండుగా కనిపిస్తాయి. కార్లకూ ఇదే శాపం. కంప్యూటర్ ఇచ్చిన కోడ్ ప్రకారం కలిపిన ఎరుపు షెడ్డు లైటు కింద కలిసి, పెట్రోల్ బంకు దగ్గర పట్టుబడిపోతుంది. ఉస్తాద్ తన రేకు ముక్కను షెడ్డు లోపల ఒకసారి, గుమ్మంలో ఒకసారి, రోడ్డు అంచున ఎండలో ఒకసారి పట్టుకుని చూశాడు. మూడుచోట్లా కలిస్తేనే కలిసినట్టు.

సాయంత్రం మాత్రం చూడడు. ఐదున్నర దాటితే వాలు ఎండలోనే ఎరుపు ఎక్కువ, ఏ రంగైనా బాగానే కనిపిస్తుంది. ఆ తర్వాత మసక పడితే అన్నింటికంటే ముందు ఎరుపే నల్లబడుతుంది. చీకట్లో మన కంట్లో పనిచేసే కణాలకు ఎరుపు సరిగా అందదు. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 19వ శతాబ్దం మొదట్లోనే పూలు చూస్తూ దీన్ని గమనించాడు. పొద్దుగూకే వేళ రోడ్డు పక్కన ఆగిన ఎర్ర కారును ఒక పది నిమిషాలు చూడండి. మొదట కొలిమిలా వెలిగి, తర్వాత ఒక్కసారిగా ఆరిపోతుంది. పక్కనున్న ఆకుపచ్చ చెట్టు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

మా ఇంట్లో ఒకప్పుడు చిన్న ఎర్ర కారుండేది. వేపచెట్టు నీడ బానెట్ వరకే వచ్చేది, పైకప్పు ఎండలో ఉండేది. ఎనిమిదేళ్లకు బానెట్ ఎర్రగా మిగిలింది, పైకప్పు జామపండు లోపలి రంగుకు వచ్చింది. వేలితో రాస్తే గులాబీ పొడి అంటేది. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఈ నేల మీద, క్లియర్ లేని పాత పెయింటుకు అది తప్పని గతి. ఎరుపు పొడి నీలం, ఆకుపచ్చ వెలుతురును మింగుతుంది. ఎరుపు వెలుతురు కంటే వాటికి బలం ఎక్కువ, కంటికి కనిపించని అతినీలలోహితానికి ఇంకా ఎక్కువ, ఆ బలమే పొడినీ, దాన్ని పట్టుకున్న జిగురునూ విరగ్గొడుతుంది. ఇప్పుడు పైన ఉండే క్లియర్‌లో అతినీలలోహిత కిరణాలను ఆపే రసాయనాలు కలుపుతున్నారు. 40, 50 మైక్రాన్ల ఆ గాజు పొర ఎరుపుకు గొడుగు. దాన్ని అరగదీస్తే గొడుగు చిరిగినట్టే. ఏటేటా రబ్బింగ్ పాలిష్ కొట్టించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంకొక మాట. జగిత్యాల జిల్లాలో కొత్త బండి కొన్నవాడు కొండగట్టు అంజన్న దగ్గరికి పోకుండా ఉండడు. మంగళవారం, శనివారం గుట్ట మీద బండ్ల పూజకు వరుస కడతారు. సిందూరం పూసుకున్న దేవుడి ముందు ఎర్ర కారు నిలబడితే, ఆ రెండు ఎరుపుల మధ్య తేడా కూడా అందంగానే ఉంటుంది. సిందూరం వెలుతురును పైనే తిప్పికొడుతుంది, కారు లోపలికి పిలుచుకుంటుంది. పూజ అయ్యాక పసుపు కుంకుమలను పొడిగుడ్డతో రుద్ది తుడుస్తారు చాలామంది. ఆ పొడి, గుట్ట దుమ్ము కలిసి క్లియర్ మీద సాలెగూడులా గీతలు పడతాయి, ఎండలో ఎరుపు మీద అవి మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ముందు నీళ్లు పోయండి, పొడి జారిపోనివ్వండి, ఆ తర్వాతే మెత్తని గుడ్డ.

కోరుట్ల ఫెండర్ బిగించింది మూడోరోజు. నేను వెళ్లేసరికి పదకొండు గంటల ఎండ. ఉస్తాద్ బండి చుట్టూ తిరగలేదు, పది అడుగులు వెనక్కి పోయి ఒక్కచోట నిలబడి చూశాడు. "కలిసింది" అన్నాడు, అంతే. ఆ రేకు ముక్క ఇంకా గోడకు మేకుకి వేలాడుతోంది, మూడు ఎరుపులతో.

మీ ఎర్ర కారును ఏ షెడ్డుకైనా ఇచ్చేముందు, ఎంతవుతుందని అడగండి, తప్పులేదు. దానికంటే ముందు కింద ఏ ప్రైమర్ కొడతారో అడగండి, రేకు ముక్క మీద కొట్టి ఎండలో చూపించమనండి. చూపించినవాడికే తాళం చెవులు ఇవ్వండి.